బోంకూర్ సాబ్ కూర్చున్న చోటు

ఫ్రాన్సు బ్యాంకు దోహా ఆఫీసుకి మేనేజరుగా రాబోయే దొర పేరు ఎవరిస్త్ బోంకూర్ అని తెలిసిన రోజు, బ్యాంకు గెస్ట్‌హౌసులో వంటచేసే రాజనర్సు పప్పులో తిప్పుతున్న గరిటె అలాగే పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఎవరిస్తె ఏంది ఫసీ భాయ్?"

"ఎవరిస్తె గాదే, ఎవరిస్త్. అది ఆయన పేరు."

"ఎవరిస్తె వాళ్ళ తాన దీస్కుంటడన్నట్టు. బ్యాంకోనికి సక్కటి పేరే వెట్టిండ్రు. మరి బొంకూరేంది? బొంకులోళ్ళ ఊరా?"

"అది ఇంటిపేరు. ఇగ నవ్వకు, పప్పు మాడుతది."

ఫసీయుద్దీన్ బ్యాంకు కారు డ్రైవరు. ఊరు జగిత్యాల. అక్కడ బీడీ ఆకు లారీ నడిపి నడిపి, బొంబాయి మీదుగా దోహా చేరి మూడేళ్ళయింది. రాజనర్సుది పక్కనే మెట్‌పల్లి. అతన్ని తెచ్చిన ఏజెంటు వీసా మీద వడ్రంగి అని రాయించాడుగాని, రాజనర్సు జన్మలో ఉలి పట్టినవాడు కాదు.

అది డెబ్బైమూడో సంవత్సరం జూన్ నెల. విమానం మెట్ల మీద కనిపించిన దొర గుండ్రంగా, తెల్లగా, నలభై అయిదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. ఆఖరి మెట్టు దిగేసరికి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఫసీయుద్దీన్ సలాం చేసి పెట్టె అందుకోబోతే ఆ పెట్టె మీదే కూలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో మొట్టమొదటి ప్రశ్న వేశాడు.

"ఈ ఊళ్ళో చల్లగా ఉండే చోటు ఎక్కడ?"

వారం తిరక్కుండా ఇద్దరికీ ఒక భాష కుదిరింది. సగం ఇంగ్లీషు, పావు హిందీ, మిగిలింది చేతులు. ఆ భాషలోనే బోంకూర్ తన కథంతా దాపరికం లేకుండా చెప్పేశాడు. ఆయన తండ్రికి ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో రొట్టెల కొట్టు. రొట్టెల కొట్టువాడి కొడుకంటే కోడికంటే ముందు లేవాలి. పదహారేళ్ళు వచ్చేదాకా కళ్ళు నలుపుకుంటూ పిండి పిసికాడు. ఆ తర్వాత, పొద్దెక్కాక మొదలయ్యే ఉద్యోగం ఏదని ఊరంతా విచారించి, బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. తొందరపడి ఏ పనీ చెయ్యడు కనుక తప్పులూ చెయ్యలేదు. తప్పులు చెయ్యలేదు కనుక మెట్టు మెట్టుగా ప్యారిస్ పెద్దాఫీసు దాకా ఎక్కాడు. సొలాంజ్ అనే మాటకారిని పెళ్ళి చేసుకున్నాడు. అంతా బాగానే ఉందనగా, బ్యాంకు ఛైర్మన్ ఏడాదికోసారి ఇచ్చే పెద్ద ఉపన్యాసంలో ముందు వరసలో కూర్చుని నిద్రపోయాడు. నిద్రపోయినా పోనీ, గురక పెట్టాడు. హాలంతా గొల్లుమంది.

"ఛైర్మన్ నన్ను ఏమీ అనలేదు," అన్నాడు బోంకూర్. "ఈయనకి విశ్రాంతి కావాలి పాపం, పనిలేని చోటికి పంపండి అన్నాడు. పటం తెచ్చి వెతికారు. దోహా దొరికింది."

"అమ్మగారు రాలేదా సాబ్?"

"ఎడారిలో ఎవరితో మాట్లాడాలి అంది."

శిక్షకి తోడు ఇంకో శిక్ష పడింది. అల్ ముంతజాలో బ్యాంకు అద్దెకి తీసుకున్న ఇంట్లో ఏసీ, దొర వచ్చిన రెండో వారానికే ఓ కేక పెట్టి, పొగ చిమ్మి, చచ్చిపోయింది. కొత్తది కావాలని ప్యారిస్‌కి టెలెక్స్ కొడితే, చలికాలం సమావేశంలో పరిశీలిస్తామని జవాబొచ్చింది. బోంకూర్ స్నానాలగదిలో నీళ్ళతొట్టిలో పడుకుని కాగితాల మీద సంతకాలు పెట్టేవాడు. ఫసీయుద్దీన్ ఒడ్డున నిలబడి కాగితాలు తడవకుండా అందించేవాడు. ఒక మొగవాడు నీళ్ళలో, ఇంకో మొగవాడు ఒడ్డున, ఇదేం నౌకరీరా అల్లా అని అతనికి సిగ్గేసేది.

అలాంటి రోజుల్లో హాజీ ఖల్ఫాన్ ఇంటికి వెళ్ళాల్సొచ్చింది. ఖల్ఫాన్ ఒకప్పుడు ముత్యాల వ్యాపారి. కుర్రతనంలో ఏటా ముత్యాలు పట్టుకెళ్ళి బొంబాయిలో అమ్మినవాడు కనుక హిందీ గలగలా మాట్లాడేవాడు. ముత్యాలు పోయాక సిమెంటూ పైపులూ పట్టాడు. ఊళ్ళో కొత్తగా వచ్చిన ప్రతి దొరా ఆయన మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే పెద్దహాల్లో, కాసేపు కూర్చుని కాఫీ తాగిపోవడం మర్యాద.

తలుపు తియ్యగానే లోపలినుంచి వచ్చిన గాలికి బోంకూర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అమెరికా నుంచి తెప్పించిన మూడు ఏసీలు మూడు గోడల మీద సింహాల్లా గర్జిస్తున్నాయి. బోంకూర్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కాఫీ తాగాడు. మధ్యాహ్నం జుహర్ నమాజుకి జనం లేచి వెళ్ళారు, తిరిగొచ్చారు. ఆయన మాత్రం లేవలేదు. బూట్లు పెట్టే చోట గోడకి ఆనుకుని కూర్చున్న ఫసీయుద్దీన్ కూడా లేవమని చెప్పలేదు. ఆ గాలి అతనికీ తగులుతోంది మరి.

మర్నాడు బోంకూర్ కారెక్కి, "హాజీ గారింటికి," అన్నాడు. ఆ మర్నాడూ అదే మాట. వారం తర్వాత ఖల్ఫాన్‌కి అనుమానం వచ్చింది.

"ఏం పని మీద వస్తున్నాడో కనుక్కో," అన్నాడు ఫసీయుద్దీన్‌తో.

ఫసీయుద్దీన్ కనుక్కున్నాడు. బోంకూర్ కాసేపు నిజాయితీగా ఆలోచించి, "పనేమీ లేదు," అన్నాడు.

ఆ మాట ఎలా చెప్పాలో తెలీక ఫసీయుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. వేరే ఏదైనా కల్పించి చెబుదామంటే బుర్రకి ఏదీ తట్టలేదు. "పనేం లేదంటున్నడు హాజీ," అన్నాడు హిందీలో, తప్పు తనదే అయినట్టు తల వంచి.

ఖల్ఫాన్ గడ్డం నిమురుకున్నాడు. ఆయన దగ్గరికి బ్యాంకుల దొరలు చాలామంది వచ్చేవారు. సంచీ విప్పడం, రంగురంగుల బొమ్మలు చూపించడం, వడ్డీ ఇంతంటే ఇంతనడం, గడియారం చూసుకుని పరుగెత్తడం. పనిలేకుండా వచ్చి పొద్దుగూకేదాకా కూర్చునే దొరని ఆయన ఎప్పుడూ చూడలేదు. పైగా ఈ దొర మధ్యాహ్నం అయ్యేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే, వెన్ను వంచకుండా, కళ్ళు సగం తెరిచి నిద్రపోయేవాడు. గురక మొదలైతే ఫసీయుద్దీన్ దగ్గేవాడు. మొదట్లో చాలా దగ్గాల్సొచ్చింది. తర్వాత తర్వాత ఖల్ఫాన్ కూడా ఎదురుగా కునుకు తియ్యడం మొదలుపెట్టాక ఆ అవసరం పోయింది. మాటల వల్ల స్నేహం పెరుగుతుందంటారు. వాళ్ళిద్దరి స్నేహం నిద్రలో పెరిగింది.

అక్టోబరులో ఎక్కడో యుద్ధం వచ్చింది. ముడిచమురు ధర చూస్తూండగా నాలుగింతలైంది. నిన్నటిదాకా ఇసుక తప్ప ఏమీ లేదన్న ఊరికి విమానాలు చాలకుండా దొరలు దిగారు. హోటలు గదులు దొరక్క ముగ్గురు బ్యాంకు ఆఫీసర్లు ఒకే మంచం మీద పడుకున్నారని రాజనర్సు ఎక్కడో విని వచ్చి చెప్పాడు. ఖల్ఫాన్ మజ్లిస్ నిండా సంచీలే. బోంకూర్‌కి ఎప్పుడూ కూర్చునే చోటు దొరక్కపోతే, ఖల్ఫాన్ ఒక లండన్ దొరని లేపి అవతలికి జరిపించాడు.

"వీళ్ళంతా నా డబ్బు కోసం వచ్చారు," అన్నాడు అందరూ వెళ్ళాక. "ఇతను నా ఇంటికి వచ్చాడు. నా డబ్బు ఇతని బ్యాంకులో వేస్తానని చెప్పు."

ఫసీయుద్దీన్ సంతోషంతో తడబడుతూ చెప్పాడు. బోంకూర్ ముఖం ఎర్రబడింది.

"ఆయన పొరబడ్డాడు. నేను వచ్చింది ఏసీ కోసం. ఆ మాట చెప్పు."

"సాబ్, గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"చెప్పు ఫసీ."

"సాబ్, ఒక్కదినం ఆగి చెప్దాం."

"ఇప్పుడే చెప్పు."

పెరుగన్నం తినబోతూ గిన్నె తన్నుకునేవాడిని ఏం చెయ్యగలం? ఫసీయుద్దీన్ కళ్ళు మూసుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇంట్లో ఏసీ చచ్చింది, సాబ్ నీళ్ళతొట్టిలో బతుకుతున్నాడు, గాలి కోసం ఇక్కడికి వస్తున్నాడు. చెప్పి, బూట్లు ఎక్కడున్నాయో చూసుకున్నాడు.

ఖల్ఫాన్ ఒకసారి బోంకూర్‌కేసీ, ఒకసారి గోడల మీది ఏసీలకేసీ చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని, దిండు మీద పక్కకి ఒరిగి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. "నా దగ్గర ఉన్నవాటిల్లో గాలి ఒక్కటే నేను ఎవరికీ అమ్మనిది. ఇన్నాళ్ళూ దానికోసం వచ్చాడా? ఇంత చవకమనిషి నా డబ్బు ఎందుకు తింటాడు?" అన్నాడు. ఆయన డబ్బు ఎటు పోతే ఆయన బంధువులది, వాళ్ళ బంధువులది అటే పోయింది. సంక్రమించే జబ్బులాగా ఊరంతటికీ ఫ్రాన్సు బ్యాంకు పట్టుకుంది.

మర్నాడు ఖల్ఫాన్ మనుషులు బోంకూర్ ఇంటి గోడకి కన్నం కొట్టి, బ్రహ్మాండమైన కొత్త ఏసీ బిగించి పోయారు. ఫసీయుద్దీన్‌కి దిగులు పట్టుకుంది. ఇంట్లోనే చల్లగా ఉంటే ఇంక అక్కడికి ఎందుకు వెళతాం? కాని మధ్యాహ్నం కాగానే బోంకూర్ టోపీ పెట్టుకుని కారెక్కాడు.

"మీ ఇంట్లో ఏసీ ఆడడం లేదా?" అన్నాడు ఖల్ఫాన్.

"ఆడుతోంది," అన్నాడు బోంకూర్. "అక్కడ ఒక్కణ్ణే ఉంటే నిద్ర పట్టడం లేదు."

ఈ సంగతి ప్యారిస్‌లో ఎవరికి అర్థమవుతుంది? శిక్ష వేసి పంపిన మనిషి ఊరి డబ్బంతా తెచ్చి పోస్తున్నాడని ఛైర్మనే స్వయంగా విమానమెక్కి వచ్చాడు. సన్నగా, కొరడాలా ఉన్నాడు. కారులో వెనక సీట్లో కూర్చుని రహస్యం ఏమిటని అడిగాడు. "ఏసీ," అన్నాడు బోంకూర్. ఛైర్మన్ చిరునవ్వు నవ్వాడు. సాయంత్రం మళ్ళీ అడిగాడు. బోంకూర్ మళ్ళీ అదే చెప్పాడు. నీళ్ళతొట్టి కూడా చూపించాడు. చివరికి ఛైర్మన్ ఫసీయుద్దీన్‌ని పక్కకి పిలిచి, "మీ మేనేజరు చాలా లోతైన మనిషి, కదూ?" అన్నాడు. ఫసీయుద్దీన్ తలూపాడు.

"ఏమాయె?" అన్నాడు రాజనర్సు వంటింట్లో.

"పేరేమో బొంకూరు. నోట్ల నుంచి ఒక్క బొంకు రాదు. నిజం జెప్పుడే, వాళ్ళు నమ్మకపోవుడే. నమ్మకపోతే నమ్మకపాయె, పెద్ద నౌకరి ఇస్తమంటున్నరు."

ఇచ్చారు. ముందు గల్ఫు దేశాలన్నిటికీ పెద్దని చేశారు. డెబ్బైఏడులో ఛైర్మన్‌కి గుండె జబ్బు వస్తే బ్యాంకు మొత్తానికి చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ని చేసి ప్యారిస్ పిలిపించుకున్నారు. వెళ్ళే రోజు బోంకూర్ విమానాశ్రయంలో ఫసీయుద్దీన్‌ని గట్టిగా కౌగిలించుకుని, "ఇంక పొద్దున్నే లేవాలి ఫసీ," అన్నాడు దీనంగా.

తర్వాతి కబుర్లన్నీ దోహాకి కొత్తగా వచ్చిన కుర్ర మేనేజరు ద్వారా తెలిసేవి. ప్యారిస్ పత్రికలవాళ్ళు రహస్యం అడిగితే బోంకూర్ అదే ఏసీ కథ చెప్పాడట. వాళ్ళు దాన్ని లోతైన పిట్టకథగా వేసి, కింద నాలుగు రకాల అర్థాలు రాశారట. పెద్దాఫీసు మీటింగుల్లో ముందు మాట్లాడినవాడు తేలికవాడని ఎవరూ నోరు విప్పరట. ఇరవైమంది కోటు వేసుకున్నవాళ్ళు బల్ల చుట్టూ చేరి కళ్ళు సగం మూసుకుని కూర్చుంటారట. అప్పు కావాలని వచ్చినవాళ్ళు ఆ నిశ్శబ్దానికి జడిసి, వాళ్ళంతట వాళ్ళే లేచి వెళ్ళిపోతారట. అందువల్ల పక్క బ్యాంకులు పిచ్చి అప్పులిచ్చి మునిగినప్పుడు ఈ బ్యాంకు మునగలేదు. బోంకూర్ పేరు ఇంకా పెరిగింది. కుర్ర మేనేజరు కూడా ఆ పద్ధతి నేర్చుకుందామని ఖల్ఫాన్ మజ్లిస్‌కి వెళ్ళి రెండు గంటలు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఖల్ఫాన్ కంగారుపడి డాక్టరుకి కబురు పెట్టాడు.

బోంకూర్ మాత్రం ఏటా చలికాలంలో ఏదో పని కల్పించుకుని దోహా వచ్చి, వారంపాటు ఖల్ఫాన్ ఎదురుగా కూర్చుని, తేరుకుని వెళ్ళేవాడు. వచ్చినప్పుడల్లా కొంచెం చిక్కినట్టు కనిపించేవాడు. మనిషి ఎదిగేకొద్దీ నిద్ర తగ్గిపోతుందేమోనని ఫసీయుద్దీన్‌కి జాలేసేది.

ఎనభైరెండు ఫిబ్రవరిలో అలాగే వచ్చాడు. మజ్లిస్‌లో పళ్ళెం చుట్టూ కూర్చుని మాంసం, అన్నం తింటున్నారు. కుర్ర మేనేజరు టెలెక్స్ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఫ్రాన్సులో కొత్త ప్రభుత్వం బ్యాంకుల్ని తీసేసుకుంది. వీళ్ళ బ్యాంకు కూడా అందులో ఉంది. బోంకూర్ కుర్చీలో వేరే ఆయన్ని కూర్చోబెట్టారు. కాగితం చదివి బోంకూర్ అన్నంముద్ద చేతిలో అలాగే ఉంచుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు ఖల్ఫాన్.

ఫసీయుద్దీన్ కుర్ర మేనేజరుని అడిగి సంగతి తెలుసుకున్నాడు. మెల్లగా చెప్పాడు. ఖల్ఫాన్ విన్నాడు.

"మా ఇంట్లోంచి లేవమని ఎవరన్నా రాశారా అందులో?"

"లేదు హాజీ."

"అయితే తినమను. చల్లారిపోతోంది."

భోజనం అయ్యాక, ఆ బ్యాంకులోంచి తన డబ్బంతా తీసేస్తానన్నాడు ఖల్ఫాన్. బోంకూర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "తియ్యొద్దు. ఇప్పుడది ప్రభుత్వం బ్యాంకు, ఇదివరకటికంటే భద్రం," అన్నాడు. తన్ని గెంటేసినవాళ్ళ తరఫున మాట్లాడుతున్న ఆయన్ని చూసి కుర్ర మేనేజరు నేలచూపులు చూశాడు. ఖల్ఫాన్ తన వ్యవహారాలన్నీ చూసుకోమని బోంకూర్‌ని అక్కడికక్కడే అడిగాడు. మధ్యాహ్నాలు ఖాళీయేనా అని ఒక్కటే ప్రశ్న వేసి ఆయన ఒప్పుకున్నాడు.

వచ్చిన చిక్కల్లా వీసాతో. ఖల్ఫాన్ కంపెనీ చేతిలో ఆ నెల మిగిలినవి దర్జీల వీసాలు మాత్రమే. ఆ విధంగా, ప్యారిస్ మహా బ్యాంకు మాజీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ దోహాలో దర్జీగా నమోదయ్యాడు. గుర్తింపుకార్డు చూసి రాజనర్సు బోంకూర్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "నేను వడ్రంగి, నువ్వు బట్టలు కుట్టే మేర. ఇగ ఇద్దరం ఒక్కటే సాబ్!"

ఫసీయుద్దీన్ కూడా బ్యాంకు వదిలి ఖల్ఫాన్ దగ్గర చేరి, మళ్ళీ బోంకూర్ కారు నడపడానికి సిద్ధపడ్డాడు. అప్పటికి రెండేళ్ళుగా దోహాలోనే ఉంటున్న భార్య ఖమర్ సుల్తానా నెత్తి కొట్టుకుంది.

"బ్యాంకు నౌకరి ఇడిసిపెట్టి దర్జీకి డ్రైవరు అయితవా? జగిత్యాలల మా అన్నలకు ఏమని చెప్పాలె?"

"ఏం జెప్పకు."

ఆమె చెప్పకపోయినా తెలిసింది. "దుబాయ్‌ల ఫసీ పని కరాబైందంట, మేరోని కారు నడుపుతున్నడంట," అని, గల్ఫంతా దుబాయే అనుకునే ఊళ్ళో చెప్పుకున్నారు.

ఒకనాడు సూక్ బజారు దగ్గర పోలీసులు కార్డులు తనిఖీ చేస్తున్నారు. పని ఒకటి, వీసా ఒకటి అయినవాళ్ళని పట్టుకుని విమానం ఎక్కించేస్తున్న రోజులు. కుర్ర పోలీసు ఒకడు బోంకూర్ కార్డు తీసుకుని, ఆయన పొట్టకేసీ మెడలోని పట్టు టైకేసీ చూశాడు.

"దర్జీవా? ఏ కొట్టు?"

ఫసీయుద్దీన్ బోంకూర్ మోచెయ్యి పట్టుకున్నాడు. "సాబ్, నువ్వు మాట్లాడకు. నీ కాళ్ళు మొక్కుత," అన్నాడు పళ్ళ సందులోంచి. బోంకూర్‌కి ఆ పాటికి అరబ్బీ కొంచెం పట్టుబడింది. అదే కొంప ముంచింది.

"నాకు కుట్టడం రాదు," అన్నాడు నిదానంగా. "నేను ప్యారిస్‌లో బ్యాంకుకి చీఫ్ ఎగ్జిక్యూటివ్‌గా చేశాను."

పోలీసు రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూశాడు. తర్వాత పక్కవాణ్ణి పిలిచి, ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు.

"ఈ ఊళ్ళో ప్రతి దర్జీ వాళ్ళ దేశంలో నవాబే! పొద్దున ఒకడు రాజుగారి అల్లుణ్ణన్నాడు. యల్లా, పో!"

కారెక్కాక ఫసీయుద్దీన్ సూక్ దాటేదాకా అద్దంలో వెనక్కి చూసుకుంటూనే ఉన్నాడు. బోంకూర్ మాత్రం నొచ్చుకున్నట్టు, "నేను అబద్ధం చెప్పలేదే," అన్నాడు.

"అల్లా మేలు జేసిండు సాబ్. నువ్వు అబద్ధం జెప్తే నమ్మి, కొట్టు సూపియ్యుమనెటోళ్ళు."

ఆ శీతాకాలం సొలాంజ్ అమ్మగారు దిగింది, మొగుణ్ణి చెవి పట్టుకుని తీసుకుపోదామని. పొడుగ్గా, పక్షిలా ఉంది. విమానాశ్రయం నుంచి ఇంటిదాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. అందులో ఫసీయుద్దీన్‌కి అర్థమైంది దర్జీ అన్న ఒక్క మాటే, అది చాలాసార్లు వచ్చింది. మర్నాడు మర్యాదకోసం ఖల్ఫాన్ ఇంట్లో ఆడవాళ్ళ వైపు పంపించారు. అరగంటలో తీసుకురమ్మన్నారు. ఫసీయుద్దీన్ వెళ్ళి హారన్ కొట్టాడు. ఆమె రాలేదు. లోపలినుంచి ఖల్ఫాన్ భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళ నవ్వులూ, వాటి మీదుగా సొలాంజ్ అమ్మగారి గొంతూ వినిపిస్తున్నాయి. ఆమెకి అరబ్బీ రాదు, వాళ్ళకి ఫ్రెంచి రాదు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. మూడోనాడు తిరుగు టికెట్టు వాయిదా వేసింది. పండగ దాకా అంది, ఎవరి పండగో చెప్పలేదు.

ఇప్పుడు బోంకూర్ తన కునుకు ముగించుకుని వచ్చినా ఆమె బయటికి రాదు. ఆయన కారు ముందుసీట్లో కూర్చుని లోపలి గోలకేసి చెవి పెట్టేవాడు.

"ఇంకా రాలేదా ఫసీ?"

"రాలేదు సాబ్."

"మనం పోదామా?"

"పోతే మల్ల రావాలె గద."

బోంకూర్ ఆలోచించి అవునన్నాడు. ఫసీయుద్దీన్ డాష్‌బోర్డు అర తెరిచి, రాజనర్సు వేయించి ఇచ్చిన పల్లీల పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టాడు.